మామిడి మార్గరీటా, ఒక కొలత కప్పు

డాలస్ పక్కన కాపురం ఉంటూ ఫ్రోజెన్ మార్గరీటా గురించి రాయకపోతే ఊరికి అన్యాయం చేసినట్టే. దాన్ని తిప్పి పోసే మెషిన్ పుట్టింది ఇక్కడే. 1971లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంటు యజమాని ఒక సాఫ్ట్ సర్వ్ ఐస్‌క్రీమ్ మెషిన్‌ను మార్చుకుని అందులో మార్గరీటా తిప్పించాడు. ఆ మెషిన్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. మా ఇంట్లో ఉన్నది మాత్రం ఇడ్లీ పిండికి పనికిరాదని పక్కన పెట్టిన బ్లెండర్.

మనలో తాగేవాళ్ళున్నారు, తాగనివాళ్ళున్నారు, తాగి చెప్పనివాళ్ళూ ఉన్నారు. ఈ నెల కబుర్లు ముగ్గురికీ.

పోయిన జులైలో ఒక శనివారం మధ్యాహ్నం ఎనిమిదిమందిమి మా ఇంట్లో చేరాం. మగవాళ్ళు ఊళ్ళో లేరు, పిల్లలు పైన ఆటల్లో ఉన్నారు. నేను మామిడి గుజ్జు, నిమ్మరసం, పంచదార, ఐసు, టెకీలా అన్నీ బ్లెండర్‌లో వేసి జగ్గులు జగ్గులుగా తిప్పాను. టెకీలా కొలిచి పోయలేదు. పప్పులో ఉప్పు వేసినట్టు చేతి అంచనాతో పోశాను. "అసలు మందు ఉన్నట్టే లేదే!" అని అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను కూడా.

పొంగిపోవాల్సిన విషయం కాదది. నాలుక చల్లబడితే తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకని మనం పంచదార ఇంకో రెండు చెంచాలు వేస్తాం. ఆ తీపీ పులుపూ చల్లదనం కలిసి టెకీలా ఘాటును కప్పేస్తాయి. ఘాటు కనపడదు గానీ మందు ఎక్కడికీ పోదు.

సాయంత్రం నాకంటే చిన్నదైన ఒక స్నేహితురాలు కారు తాళాలు తీసుకుని, ఇద్దరు పిల్లలకీ బూట్లు వేయిస్తోంది. మూడు గ్లాసులు తాగింది. టెక్సస్‌లో పదిహేనేళ్ళలోపు పిల్లలు కార్లో ఉండగా తాగి నడిపితే అది ఫెలనీ. వీసా మీద ఉన్నవాళ్ళ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అయినా ఆ క్షణంలో నాకు చట్టం గుర్తు రాలేదు, వెనక సీట్లో కూర్చోబోయే ఆ చిన్నదాని రెండు పిలకలే కనిపించాయి. తాళాలు అడిగాను.

"ఏంటక్కా, జ్యూసేగా తాగింది! ఇంతకీ ఎంత పోశావేంటి అందులో?"

బీఎస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని, నా దగ్గర జవాబు లేదు. తాళాలు ఇచ్చింది గానీ, పక్కింటావిడ దింపి వచ్చాక రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఇంకొకావిడ తన గ్లాసు మెల్లగా సింకులో ఒంపేయడం కూడా ఆ రోజే చూశాను. బాగాలేదేమో అని చిన్నబుచ్చుకున్నాను. ఆవిడకి అప్పుడు మూడో నెలట.

అప్పటినుంచి మా బ్లెండర్‌లో మందు పడదు. మందు గ్లాసులోనే, కొలతతోనే.

ఇలా చేయడం రుచికీ మంచిదే. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పెందుకు కలుపుతాడో గుర్తుందా? నీళ్ళలో ఏది కరిగినా గడ్డకట్టే ఉష్ణోగ్రత దిగిపోతుంది. మందు కూడా అంతే. బ్లెండర్‌లో ఎక్కువ పోస్తే ఐసు కరిగి పల్చటి షర్బత్ అవుతుంది. నలభై శాతం టెకీలా ఇంటి ఫ్రీజర్‌లో, అంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర, గడ్డకట్టదు. కాబట్టి సీసాను రాత్రే ఫ్రీజర్‌లో పడుకోబెట్టండి. గ్లాసులో పోసినప్పుడు స్లష్ అంతగా కరగదు.

ఐసు బదులు పండునే గడ్డకట్టించండి, నీళ్ళ రుచి రాదు. నలుగురికి నాలుగు కప్పుల ఫ్రోజెన్ మామిడి ముక్కలు, అరకప్పు నిమ్మరసం, పావుకప్పు పంచదార పాకం, అరకప్పు చల్లటి నీళ్ళు. డబ్బా గుజ్జు వాడితే ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి, అందులో తీపి ఉంటుంది కాబట్టి పాకం తగ్గించండి. ముందు నీళ్ళూ రసమూ పోసి, తర్వాత ముక్కలు వేయండి. లేకపోతే బ్లేడు గాల్లో తిరుగుతుంది, మోటారు అరుస్తుంది. చెంచా నిలబడేంత గట్టిగా ఉండాలి, తర్వాత మందు పడితే సరిపోతుంది. నారింజ రుచికి ట్రిపుల్ సెక్ వేయమంటారు, అదీ మందే, మర్చిపోకండి. నేను నారింజ రసం రెండు చెంచాలతో సరిపెడతాను.

గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్ది ఉప్పూకారంలో అద్దండి. బడి గేటు దగ్గర మామిడికాయ ముక్కలు తిన్న నోళ్ళకి వేరే చెప్పాలా! మా అత్తగారు తన గ్లాసులో వేయించిన జీలకర్ర పొడి కూడా వేయించుకుంటారు. నిజం చెప్పాలంటే టెకీలా ఉన్నదానికంటే అదే బాగుంటుంది.

తాగేవాళ్ళ కోసం సీసా, పక్కన ఒకటిన్నర ఔన్సుల కొలత కప్పు పెడతాను. ఇక్కడి లెక్కలో అది ఒక డ్రింకు. ఎన్ని కప్పులు పోసుకున్నారో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది. పోసుకోని వాళ్ళ గ్లాసూ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, "నువ్వెందుకు తాగట్లేదు?" అనే ప్రశ్న రాదు.

మొన్న శనివారం ఆ చెల్లెలు మళ్ళీ వచ్చింది. సీసా వైపు చూసి, "ఇవాళ బండి నాదే అక్కా" అంటూ ఉత్తదే నింపుకుంది. ఉప్పూకారం మాత్రం రెండోసారి అద్దుకుంది.