ఆకాశంలో సీట్ల లెక్క

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఢిల్లీలో ఏ శాఖ బాగా అచ్చివచ్చిందని ఎవరైనా అడిగితే, విమానాల శాఖ అని తడుముకోకుండా చెప్పవచ్చు. 2014 మే నుంచి 2018 మార్చి దాకా పూసపాటి అశోక్ గజపతిరాజుగారు ఆ కుర్చీలో కూర్చున్నారు. 2024 జూన్ లో అదే కుర్చీ శ్రీకాకుళం ఎం.పి. కింజరాపు రామ్మోహన్ నాయుడుగారికి దక్కింది. విమానం మాట దేవుడెరుగు, రైలు ఎక్కాలన్నా ఆమదాలవలస దాకా వెళ్ళవలసిన పట్నంనుంచి దేశంలోని విమానాలన్నిటికీ మంత్రి రావడం చమత్కారంగానే వుంది.

ఆ శాఖవారి బల్లమీద వుండే కాగితాలలో చాలావాటితో మనకు నిమిత్తం లేదు. ఒక్క దుబాయి కాగితం మాత్రం మన ఇళ్ళదాకా వస్తుంది. తమ ఎమిరేట్స్, ఫ్లైదుబాయి కంపెనీలకు మరికొన్ని సీట్లు ఇమ్మని దుబాయివారు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. మనవాళ్ళు కాదంటూ వచ్చారు.

ఈ సంగతి చెబితే మా బావమరిది అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "విమానం వాడిది, పెట్రోలు వాడిది, డబ్బిచ్చి ఎక్కేది మనం. మధ్యన గవర్నమెంటోడికి అడ్డమేటి బావా?" అన్నాడు. చాలామంది సందేహం ఇదే కాబోలు.

అడ్డం వుంది. 1944లో చికాగోలో దేశాలన్నీ కూడి చేసుకున్న ఒడంబడికలోనే ఆ ముక్క రాసుకున్నారు. ఏ దేశం ఆకాశం ఆ దేశానిదే. అనుమతి లేనిదే పైవాడి విమానం వేళప్రకారం వచ్చిపోవడానికి వీల్లేదు. అందుచేత ఇరుగుపొరుగు దేశాలు కూర్చుని, వారానికి నువ్విన్ని సీట్లు, నేనిన్ని సీట్లు అని లెక్క కట్టుకుంటాయి. దుబాయితో మన లెక్క 2014లో వారానికి ఇటు సుమారు 65 వేలు, అటు సుమారు 65 వేలు అయింది. తరువాత పదేళ్ళు గడిచినా ఆ అంకె కదలలేదు.

కాదనడం మనకు కొత్త కూడా కాదు. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసిన మరుసటి యేడే మన ప్రభుత్వం సాక్షాత్తు అమెరికాకు నోటీసు ఇచ్చింది. పాన్ అమెరికన్, టి.డబ్ల్యు.ఏ. కంపెనీలు అవసరానికి మించి సీట్లు తెచ్చి పడేస్తున్నాయనీ, ఎన్ని తేవాలో ముందే తేల్చుకోవాలనీ మనవారు. ముందు నడపనివ్వండి, లెక్కలు తరువాత చూసుకుందామని వారు. 1955లో ఒప్పందం రద్దయిపోయింది. 1956లో కొత్తది రాసుకున్నారు. అప్పటి మన దేశం పేదదే గాని, నోరు మాత్రం పేదది కాదు.

ఇప్పటి తగవుకు అసలు కారణం మరొకటి వుంది. విజయనగరంనుంచి కాశీ వెళ్ళే యాత్రికుణ్ణి పక్కవూరి బండివాడు తన వూరికి తీసుకుపోయి, అక్కడ తన బండే మరొకటి ఎక్కించి కాశీకి చేర్చాడనుకోండి. కాశీ బాడుగ అంతా వాడిదే. మన వూరి బండి చావడిలో పడివుంటుంది. హైదరాబాదులో ఎక్కి దుబాయిలో విమానం మారి లండనుకో, న్యూయార్కుకో పోయేవారి వల్ల జరిగేది ఇదే. ఈ గల్ఫు కంపెనీలకు సీట్లు ధారాళంగా ఇచ్చేశారని 2011లో కాగ్ తప్పుపట్టింది. 2013లో జెట్ ఎయిర్ వేస్ లో ఎతిహాద్ వాటా కొన్నప్పుడు అబూధాబీ సీట్లు 13 వేల చిల్లరనుంచి 50 వేలకు పెంచితే పార్లమెంటులో గగ్గోలు పుట్టింది. సుబ్రహ్మణ్యస్వామిగారు సుప్రీంకోర్టుకు ఎక్కారు. ఇంతా చేస్తే 2019 ఏప్రిల్ లో జెట్ కంపెనీయే మూతపడింది. ఇచ్చిన మంత్రికీ తిట్లే, ఇవ్వని మంత్రికీ తిట్లే!

2022లో దుబాయివారు మరో 50 వేల సీట్లు కావాలని ఉత్తరం రాశారు. మన విమానాలే తిన్నగా దూరదేశాలకు వెళ్ళాలన్నది మా ఉద్దేశం, సీట్లు పెంచే ఆలోచన లేదు అని 2023లో అప్పటి మంత్రి జ్యోతిరాదిత్య సింధియాగారు చెప్పేశారు. టాటాలు ఎయిరిండియాను తిరిగి చేతిలోకి తీసుకుని, 2023లో 470 విమానాలకు ఆర్డరిచ్చారు కదా, అవి వచ్చేదాకా కోటలోకి ఎవరినీ రానివ్వకూడదని వారి కోరిక. అది న్యాయమే. లండను ప్రయాణం విషయంలో నాకు ప్రభుత్వంతో పేచీ లేదు.

నా పేచీ అల్లా ఉద్దానం కుర్రవాడి గురించి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలలో కొబ్బరితోటల మధ్య ఎన్ని ఇళ్ళలో కొడుకో, అల్లుడో గల్ఫులో వెల్డరుగానో ఫిట్టరుగానో వున్నాడో మీకు తెలియంది కాదు. అతను దుబాయిలో విమానం మారడు. అక్కడే దిగుతాడు. రెండేళ్ళకో మూడేళ్ళకో దొరికిన సెలవుకు, తండ్రి కర్మకో చెల్లెలి పెళ్ళికో వస్తాడు. మళ్ళీ వెళ్ళేటప్పుడు తల్లి ఆవకాయ సీసా, పలాస జీడిపప్పు పెట్టెలో కుక్కితే, తూకం ఎక్కువవుతుందని తీసి బయటపెడతాడు. ఎప్పుడో ఒకసారి కొనే టిక్కెట్టు అతనికి నెలల కష్టం. సీట్లు బిగబట్టిన చోట ధర పెరగడం సంత నడిపే ప్రతివాడికీ తెలుసు. లండను వెళ్ళే పెద్దమనిషిని ఆపడానికి వేసిన తలుపు ఇతని వేళ్ళమీద పడుతున్నది.

పోనీ, ఎక్కడైనా దగ్గరలో ఎక్కుతాడా? పూర్వం మన ముత్తాతలు రంగూను వెళ్ళిన రోజుల్లో బి.ఐ. కంపెనీ స్టీమరు కళింగపట్నం, భీమిలి రేవులకే వచ్చేది. ఇప్పుడు మునిమనమడు రైలెక్కి హైదరాబాదో చెన్నైయో పోవాలి. 2023 మేలో ఒడిషా ప్రభుత్వం తన సొమ్ము ఆసరా ఇచ్చి భువనేశ్వరంనుంచి దుబాయికి ఇండిగో విమానం వేయించుకుంది. ఇచ్ఛాపురంవారికి విశాఖకన్నా అదే దగ్గర. 2025 జూన్ లో ఇండిగో విశాఖనుంచి అబూధాబీకి ఒక సర్వీసు మొదలుపెట్టింది, సంతోషమే. కాని దుబాయివారు 2022 ఉత్తరంలో మాకు కొత్తగా ఈ వూళ్ళు కావాలని రాసిన ఎనిమిదింటిలో అమృతసర్ వుంది, గౌహతి వుంది, భువనేశ్వరం వుంది. విశాఖపట్నం లేదు.

అన్ని తలుపులూ ఒక్కసారే తీయమని నేను అనను. 2025 జూలైలో, మన నాయుడుగారు మంత్రిగా వుండగానే, కువైట్ సీట్లు వారానికి 12 వేలనుంచి 18 వేలకు పెంచారు. అంటే మనసుంటే అంకె కదులుతుంది. ఢిల్లీ, బొంబాయిలకు ఒక్క సీటూ పెంచకండి. మన కంపెనీలు చూడని చిన్న పట్నాలకు మాత్రం విడిగా ఒక లెక్క పెట్టండి. అక్కడనుంచి వెళ్ళేవారిలో లండను బేరం తక్కువ, కూలి బేరం ఎక్కువ. ఎయిరిండియాకు పోయేదేమీ లేదు.

ఇంతకూ భోగాపురం సంగతి. ఆ విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబునాయుడుగారు ఒకసారి, 2023 మేలో జగన్ మోహన్ రెడ్డిగారు మరొకసారి శంకుస్థాపన చేశారు. (ఒక ఇంటికి రెండు శంకుస్థాపనలు మా పురోహితుడు ఒప్పుకోడు.) 2,200 ఎకరాలు, సుమారు నాలుగు కిలోమీటర్ల రన్ వే. కట్టే జి.ఎం.ఆర్. వారి అసలు వూరు మన రాజాం. పేరు అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం. ఆ స్థలంకోసం మరడపాలెం, ముడసర్లపేట వంటి వూళ్ళు ఉన్నపళాన లేచి వేరేచోటికి పోయాయి. పొలం, పుంత, గ్రామదేవత గుడి అన్నీ వదులుకున్నారు. వాళ్ళకు చెప్పిన మాట "అంతర్జాతీయ" విమానాశ్రయమనే.

రన్ వే ఎంత పొడుగువేసినా, పైదేశపు విమానం అక్కడ దిగాలంటే ఒప్పందం కాగితంలో ఆ వూరి పేరు వుండాలి. దుబాయి లెక్క తిరగరాసే రోజున ఆ పేరు రాయించడానికి మంత్రిగారు పెద్దగా వాదించనక్కర లేదు. టెక్కలినుంచి ఏ బస్సులో ఎవరు ఎక్కుతున్నారో ఆయనకు మనకన్నా బాగా తెలుసు.