శాఖ ఇల్లు కాదు

"మేడమ్ శాఖను సొంత ఇల్లులా చూసుకుంటారు." సన్మాన సభల్లో ఈ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంటిచాకిరీకి జీతమూ లేదు, లెక్కా లేదు. శాఖను ఇల్లనడం వెనకున్న ఆశ కూడా అదే కదా?

చిత్రకళ చిత్రకారులే నేర్పాలన్నది మన విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్న మాటే. 1922 నుంచి శాంతినికేతన్ కళాభవన్‌ను నందలాల్ బోస్ నడిపినా, 1988లో మొదలైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు సరోజినీనాయుడు స్కూల్‌కి లక్ష్మాగౌడ్ డీన్‌గా ఉన్నా నమ్మకం అదే. 2018 యూజీసీ నిబంధనలు కూడా నెట్ లేకున్నా, తగిన చదువుతో పాటు అయిదేళ్ల ప్రదర్శనల అనుభవమున్న చిత్రకారులకు అధ్యాపకులయ్యే దారి ఉంచాయి. అంటే కుంచె చూసి లోపలికి రానిస్తారు. వచ్చాక చేతికి ఫైలిస్తారు.

నేను షాద్‌నగర్ నుంచి రోజూ బస్సులో హైదరాబాదు వెళ్లి చిత్రకళ బోధిస్తాను. శాఖాధ్యక్షురాలిగా ఉన్న మూడేళ్లూ మోడళ్ల కూలి బిల్లులు, కొనుగోళ్ల టెండర్లు, హాజరు పట్టికలు, నాక్ నివేదికలు అన్నీ పనిగంటలే. బొమ్మ వేసే గంట మాత్రం 'సొంత పని'. ఆ సొంత గంటను ఇంటికెళ్లాక వంట మింగేస్తుంది. చివరికి ప్రమోషన్ ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న: "ఈ మూడేళ్లలో మీ ప్రదర్శనలేవి?" మగ అధ్యక్షుడు బొమ్మలు వేయకపోతే సంస్థ కోసం కళను త్యాగం చేశాడంటారు. అదే మేం వేయకపోతే, "ఆడవాళ్లంతే, సంసారంలో పడితే కళ పోతుంది" అంటారు.

అంత కష్టమైతే పదవి వద్దనొచ్చుగా అని సలహా. ఎందుకు వద్దనాలి? ఏది కళ, ఏది 'చేతిపని' అని సిలబస్‌లో తేల్చేది ఆ కుర్చీయే. కళాభవన్ అనగానే నందలాల్ గుర్తొస్తాడు. అక్కడే ఆల్పన నేర్పిన సుకుమారీ దేవి, గౌరీ భంజ్ మనలో ఎందరికి గుర్తున్నారు? 2016లో మా ఊరు రంగారెడ్డి జిల్లాలో కలిసింది గానీ, చుట్టుపక్కల పల్లెలు పాలమూరువే. అక్కడ బొంతలు కుట్టే, గోడకు జాజు పూసి ముగ్గులేసే అమ్మలు పాఠంలోకి రావాలంటే కుర్చీ మనకు కావాల్సిందే.

కాబట్టి కుర్చీ వదలం, కుంచే వదలం. అధ్యక్షులు ఆడైనా మగైనా వారంలో రెండు రోజులు స్టూడియోకని టైమ్‌టేబుల్లో రాయాలి. ఆ రోజుల్లో సంతకాలు అడగకూడదు. గుమాస్తా పని చేసేందుకు గుమాస్తాలను నియమించాలి. పాఠం చెప్పే గంట ఎలా ఉద్యోగమో, బొమ్మ వేసే గంటా అలాగే ఉద్యోగం. ఇది మేం అడిగే దయ కాదు. మమ్మల్ని ఏ పని చూసి తీసుకున్నారో ఆ పని చేయనివ్వమంటున్నాం.