మిద్దె లేనివారికి సూర్యుని వాటా

మన కర్నూలు సీమలో గని, శకునాల గ్రామాల చెంత దాదాపు ఆరువేల ఎకరాలలో పరచిన సౌరఫలకాలను ఆ ప్రాంతపు విద్యార్థులు చూచియే యుందురు. 2017లో పూర్తియైన ఈ 1,000 మెగావాట్ల కేంద్రము ఆనాటికి ప్రపంచములోని అతిపెద్ద సౌరకేంద్రాలలో ఒకటి. ధర విషయము ఇంకను వింతైనది. 2015 నవంబరులో గని వద్ద 500 మెగావాట్లకు జరిగిన వేలములో యూనిట్టు 4 రూపాయల 63 పైసలు పలుకగా, 2017 ఏప్రిల్‌లో కడప పార్కు వేలములో అది 3 రూపాయల 15 పైసలకు దిగినది. మరి మన బిల్లు దిగలేదేమి?

ఎండ జొహర్ నమాజు వేళకు ముమ్మరముగా నుండును. మన యిండ్లలో దీపములు, ఫ్యాన్లు ఒక్కుమ్మడిగా పనిచేయునది మగ్రిబ్ తరువాత. ఆ వేళకు ముద్దనూరు వద్ది ఉష్ణవిద్యుత్ కేంద్రము వంటివి బొగ్గు కాల్చవలసినదే. ఆ బొగ్గు ఖర్చు పెరిగినపుడు 'ఇంధన సర్దుబాటు' అను పేర ఆ భారము వినియోగదారుని బిల్లులోనికి దిగును. పగటి కరెంటును దాచగలిగినకొలది ఈ చిక్కు తగ్గును. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భకేంద్రములో 150 మెగావాట్ల యంత్రములారింటిని రెండు దిక్కులకును తిరుగునట్లు నిర్మించినది ఇందుకే: మిగులు కరెంటుతో నీటిని పైకి తోడి, అవసరమునకు క్రిందికి విడుచుట.

ఐతే మా ఆక్షేపణ యంత్రములను గూర్చినది కాదు. ఈ మార్పు ఫలము ఎవరి గడపకు చేరుచున్నది? 2024 ఫిబ్రవరిలో వచ్చిన 'ప్రధానమంత్రి సూర్యఘర్' పథకము క్రింద ఇంటికప్పుపై రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయము నిర్ణయించిరి. మంచిదే. కాని కిలోవాటుకు సుమారు నూరు చదరపు అడుగుల నీడపడని చోటు కావలెను. పాతబస్తీ మహల్లాలలో ఒక్క మిద్దె క్రింద నాలుగు బాడుగ కుటుంబములుండును; ఆ మిద్దె అన్నదమ్ముల పంపకములో చిక్కుకొని యుండుటయు కద్దు. అట్టిచోట ఫలకము ఎవరు పెట్టవలెను?

పైగా మిద్దెలవారు తమ బిల్లు తగ్గించుకొన్నకొద్దీ తీగెల, స్తంభముల, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు మిగిలినవారిపైకి జరుగును. పొరుగువాని ఫలకమునకు బాడుగదారు చందా కట్టినట్లే. దీనిని సాకు చేసికొని సౌరశక్తియే వలదనువారితో మేము ఏకీభవింపము. బొగ్గు పొగయు బిల్లు భారమును మొదట తగులునది ఆ బాడుగదారునికే గదా!

దారి లేకపోలేదు. ఒకచోట పెట్టిన ఫలకముల ఉత్పత్తిని పలువురి మీటర్లకు వాటాలుగా జమకట్టు పద్ధతికి ఢిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకములు చేసినది. మన రాష్ట్రమున అట్టి ఏర్పాటు బాడుగ కుటుంబములకు ముందుగా అందవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి యొకటి. మన భవనముపై వేయి చదరపు అడుగులు ఎండకు వదలినచో పది కిలోవాట్లు, అనగా మంచి ఎండ కాసిన దినమున సుమారు నలుబది యూనిట్లు వచ్చును. వేసవి సెలవులలో తరగతులుండవు, ఎండ మాత్రము ఉండును. ఆ మిగులును బీద విద్యార్థుల ఇండ్ల మీటర్లకు జమ వేయవలసినదిగా పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టవలెను. కాదన్నచో కారణము వ్రాతపూర్వకముగా అడుగవలెను. ధరల నిర్ణయమునకు ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి జరుపు బహిరంగ విచారణలో ఎవరైనను తమ అభ్యంతరము చెప్పవచ్చును. ఈమారు మన అర్థశాస్త్ర విద్యార్థులిద్దరు ఆ కాగితముతో అచ్చటికి పోవలెనని మా కోరిక.