పాత రీలుని తోమకండి

మనవాళ్ళలో చేపలు తినేవాళ్ళకి కొదవ లేదు గాని, పట్టేవాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో నేనొకణ్ణి. వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరుని. అందువల్ల షార్జాలో పాతసామాన్ల దుకాణాలకి వెళ్ళినప్పుడల్లా నా చూపు చేపల రీళ్ళ మీదకి పోతుంది. రీలంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట: గాలిపటాల చరఖా లాంటిదే, కాకపోతే లోపల పళ్ళచక్రాలుంటాయి, గాలం కర్రకి బిగిస్తారు. ఊరు విడిచి వెళ్ళిపోయే కుటుంబాలు సోఫాలతో పాటు వీటినీ అమ్ముకుని పోతూంటాయి. (ఉద్యోగం పోయిన ఇంట్లో ముందుగా అమ్ముడుపోయేవి సరదాలే కదా!)

ఇలాంటి రీళ్ళని మెరుగుపెట్టే చక్రానికి ఆనించి, అద్దంలా చేసి, "అచ్చం కొత్తదే" అని రెట్టింపు ధరకి అమ్మేవాళ్ళున్నారు. మనవాళ్ళూ ముచ్చటపడి కొంటున్నారు. నన్నడిగితే అది బాగుచెయ్యడం కాదు, ఆనవాళ్ళు చెరిపెయ్యడం.

ఆనవాళ్ళంటే ఏమిటో చెప్తాను. పాతసామాన్లలో అప్పుడప్పుడు 'అబు' అన్న పేరుతో గుండ్రటి రీళ్ళు కనిపిస్తాయి. అబుదాబిలో తయారైందని ఒక కుర్రాడు నాతో పందానికి కూడా దిగాడు. దానికీ అరబ్బీకీ ఏ సంబంధమూ లేదు. స్వీడన్‌లో స్వెంగ్‌స్టా అనే చిన్న ఊళ్ళో 1921లో పెట్టిన ఒక గడియారాల కర్మాగారం పేరుకి పొడి అక్షరాలవి. వాళ్ళు టాక్సీ మీటర్లు కూడా చేసేవారు. రెండవ ప్రపంచయుద్ధంతో ఆ బేరం పడిపోయి రీళ్ళ వైపు తిరిగారు. 1952లో వచ్చిన వాళ్ళ 'అంబాసడర్ 5000' మన అంబాసిడర్ కారు కంటే వయసులో పెద్దది. గడియారాలు చేసిన చేతులని దాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది.

పోల్చుకోవడం కష్టం కాదు. 5000 కంటే 6000 వెడల్పు, 7000 ఇంకా పెద్దది. అంకె వెనక 'సి' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే లోపల బాల్ బేరింగులున్నట్టు. 'అబు గార్సియా' అని కలిపి ఉంటే 1980 ప్రాంతంలోనో ఆ తర్వాతో వచ్చిందనుకోవచ్చు. అమెరికాలో వాళ్ళ సరుకు అమ్మిన కంపెనీ గార్సియా. దాని పేరుని తర్వాత స్వీడన్ వాళ్ళే కొనుక్కున్నారు. అసలు జాతకం మాత్రం రీలు పాదం అడుగున ఉంటుంది. చాలావాటికి అక్కడ ఆరంకెల ముద్ర కొట్టారు. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ నెల. 760400 అని ఉంటే 1976 ఏప్రిల్ అన్నమాట. మెరుగు చక్రం తినేసేది సరిగ్గా ఆ అంకెలనీ, పక్కపలకల రంగునీ! ఆ రంగు పైన పూసిన పెయింటు కాదు, అల్యూమినియానికి ఎక్కించిన పొర. అరిగితే ఇంట్లో మళ్ళీ తెప్పించలేం.

మరి బాగుచెయ్యడమంటే? ఇక్కడ అసలు శత్రువు ఉప్పు. మామూలు సముద్రంలో లీటరుకి 35 గ్రాములుంటే మన గల్ఫ్ నీళ్ళలో 40 పైమాటే. గోరువెచ్చటి మంచినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, పాత టూత్‌బ్రష్షు చాలు. వెనిగర్ అల్యూమినియం దగ్గరికి రానివ్వకండి. విప్పిన ముక్కల్ని వరసగా పాత ఇడ్లీ రేకు గుంటల్లో పెట్టుకుంటే బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు. (ఈ విషయంలో మా ఆవిడ అభిప్రాయం వేరు.) బేరింగులకి పల్చటి నూనె, పళ్ళచక్రాలకి గ్రీజు. దారాన్ని అటూ ఇటూ సమంగా పరిచే భాగంలో గోరంత లోహపు పన్ను ఒకటుంటుంది. అది అరిగితే ఆకురాయి పట్టకుండా కొత్తది వేయించండి. గీతలూ, వెలిసిన రంగూ ఉండనివ్వండి.

నూరు దిర్హాములకి కొత్త రీలు దొరుకుతూంటే ఇంత శ్రమ ఎందుకని మిత్రులంటారు. ఏడాదికి రెండుసార్లు మమ్జర్ ఒడ్డున సరదాకి కూర్చునేవాళ్ళు కొత్తదే కొనుక్కోండి, వాదించను. నా లెక్క వేరు. మనం సైకిలు షాపు ముందూ, రేడియో మెకానిక్ బల్ల ముందూ నిలబడి పెరిగాం. ఇక్కడ ఫ్లాట్లలో పెరిగే మన పిల్లలకి పాడైన వస్తువంటే పారేసే వస్తువు. వాళ్ళ చేతుల్లో ఉన్నవన్నీ అతికించి మూసేసినవే, విప్పబోతే విరుగుతాయి. ఈ రీలు పక్కపలక మరలు స్క్రూడ్రైవరు లేకుండా వేళ్ళతోనే ఊడతాయి. అంటే వాడేవాడు తానే విప్పుకోవాలనే చేసినవాడి ఉద్దేశం. పన్నెండేళ్ళ మా అబ్బాయి మొదటిసారి విప్పి బిగించడానికి నాలుగు వారాంతాలు పట్టింది. ఒక స్ప్రింగు ఎగిరిపోయి సోఫా కింద దొరికింది. ఇప్పుడు గంటన్నరలో కానిస్తున్నాడు, మధ్యలో నన్ను ముట్టుకోనివ్వడు.

మీ అటక మీదో, కారు డిక్కీలోనో మూలపడ్డ రీలుంటే తోమకుండా అలాగే తీసుకురండి. విప్పడానికి మా అబ్బాయి సిద్ధం. ఇడ్లీ రేకు మాత్రం మీరే తెచ్చుకోవాలి.