భానుపురిలో సూర్యుడు

విహారస్థలములయందు వసతిగృహములు నడపు మహీంద్రా హాలిడేస్ సంస్థ తనకు వలయు విద్యుత్తునంతయు 2050వ సంవత్సరము నాటికి తరుగని శక్తులనుండియే గ్రహింతునని ప్రతిన బూనియున్నది. 2014లో వెలసిన ఆర్.ఇ. 100 అను అంతర్జాతీయ ప్రయత్నమున చేరి గావించిన ప్రతిన యిది. సంకల్పము శ్లాఘనీయమే, గడువు మాత్రము మిక్కిలి దీర్ఘము. మరియు నిట్టి సంస్థల పురోగమనమును కొలుచునపుడు పాఠకులొక భేదమును గమనింపవలయును. తమ కప్పుపై సౌరఫలకములు పరచి కరెంటు పుట్టించుకొనుట యొకటి. ఎచటనో పుట్టిన సౌరశక్తికి ధ్రువపత్రములు కొని లెక్క సరిపెట్టుకొనుట వేరొకటి. రెండవది నిషిద్ధము గాదు. మొదటిదే మాకు రుచించును.

మడికేరికిని మున్నారునకును విహారము పోవువారి సంగతి మనకేల యందురేమో. హైదరాబాదు-విజయవాడ మార్గమున సూర్యాపేట, కోదాడలలో నిలిచి భుజించి విశ్రమించు బాటసారులు కొల్లలు. వారికై వెలసిన హోటళ్లలో శీతలయంత్రములు తిరుగవలయును. పెక్కింట స్నానమునకు నీరు సైతము కరెంటుతోనే కాగుచున్నది. సూర్యాపేటకు పూర్వనామము భానుపురి. ఆ పేరుగల యూరి యెండ యెట్టిదో మేము వర్ణింపనక్కరలేదు. అట్టి యెండలో నీళ్లు కాచుకొనుటకు బొగ్గు దహింపవలయునా?

ఆ బొగ్గు దూరదేశమున కాలుట లేదు. మిర్యాలగూడ చేరువ, దామరచర్ల మండలము వీర్లపాలెమున, 800 మెగావాట్ల యంత్రములైదింటితో 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. బొగ్గు రైళ్లపై రావలయును, నీరు కృష్ణనుండి రావలయును. బూడిద మాత్రమిచటనే మిగులును. పులిచింతలకడ 120 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రము గలదు గాని, అది కృష్ణకు నీరు వచ్చిననాటి మాట.

మిర్యాలగూడ మిల్లుదార్లకీ విద్య క్రొత్తది గాదు. ధాన్యపు తూకమున అయిదవవంతు ఊక. దానిని బాయిలరులో వైచి, ఆవిరి పుట్టించి, ఉప్పుడుబియ్యము చేయుట వారెరిగినదే. ఊకనైన వృథా పోనీయని వీరు విశాలమైన మిల్లుకప్పులపై బడు నెండను విడిచిపుచ్చుట వింతగానున్నది. నీడ పడని నూరు చదరపుటడుగుల కప్పుపై ఒక కిలోవాటు ఫలకములు పట్టును. దినమునకు సుమారు 4 యూనిట్లు వచ్చును. అయిదువేల అడుగుల కప్పుగల వారు లెక్క తామే వేసికొందురుగాక.

భూస్వాములకును ఒక మాట. 2018 జనవరి 1 నుండి తెలంగాణ వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు లభించుటచే, మోటారు త్రాగు కరెంటు వెల మన దృష్టికి రాకున్నది. ఆ వెలను బొక్కసము చెల్లించుచునే యున్నది. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకము ప్రకారము రైతు తన బీడుభూమిలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రము నెలకొల్పి కరెంటు విక్రయింపవచ్చును. కౌలుకు పోని చవిటినేలలున్నవారు దీనినేల యోచింపరాదు?

రాత్రి మాటేమని హోటలువారు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. శీతలయంత్రముల కారాత్రి బొగ్గుకరెంటే శరణ్యము కావచ్చును. వేడినీటికా యిబ్బంది లేదు. పగలు కాగిన నీరు తెల్లవారువరకు తొట్టిలో వెచ్చగనేయుండును. కావున సూర్యాపేట, కోదాడ హోటలు యజమానులను మేము కోరునది స్వల్పము. 2050 గడువు వలదు. రానున్న వేసవికి ముందే నీళ్లు కాచు పనియైన సూర్యుని కప్పగింపుడు. నెలకెన్ని యూనిట్లు తగ్గినవో భోజనశాల గోడపై వ్రాసియుంచుడు, దారినపోవువారు చదువుకొందురు.