పెళ్లికి లక్ష, చదువుకు నెలకు వెయ్యి

పేదింటి ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ ప్రభుత్వం కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు ఇస్తోంది. అదే పిల్ల ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి నెగ్గితే కేంద్రమిచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి 12,000. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ కలిపినా 48,000 దాటదు. పెళ్లి సాయం అర్హులందరికీ. చదువు సాయం దేశమంతటా ఏటా లక్ష మందికే, అందులో మగపిల్లలూ ఉంటారు.

గురుకులాల మేలును తక్కువ చేయలేం. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు ఒకప్పుడు ఎనిమిదితో ఆగిపోయేవి. 2018 తర్వాత వాటిని ఇంటర్ దాకా పెంచుకోవడానికి దారి దొరికింది. ఎనిమిది నుంచి పది చదివే హాస్టల్ పిల్లల మెస్ చార్జీలను 2024లో రాష్ట్రం నెలకు 1,100 నుంచి 1,540కి పెంచింది. సీటు దొరికిన పిల్లకు తిండి, బట్ట, పుస్తకం, నీడ అన్నీ అక్కడే.

దొరకని పిల్ల సంగతేమిటి? సిద్దిపేట జిల్లాలో, ముఖ్యంగా దుబ్బాక వైపు, ఆమె తల్లి చాలాసార్లు బీడీ కార్మికురాలు. కూలి వెయ్యి బీడీల లెక్కన. తునికాకు కత్తిరించడానికి, కట్టలు కట్టడానికి ఇంకో జత చేతులుంటే చాట తొందరగా నిండుతుంది. ఆ చేతులు పద్నాలుగేళ్ల కూతురివి. విద్యాహక్కు చట్టం పూచీ కూడా సరిగ్గా ఆ వయసుకే ముగుస్తుంది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కాబట్టి కాలేజీకి చార్జీల బెంగ తీరింది. పిల్ల బడికి పోతే ఇంటికి తగ్గే కూలి మాత్రం ఏ పథకం లెక్కలోకీ రాలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది.

బంగ్లాదేశ్ 1994లో ఈ లోటునే పట్టుకుంది. పల్లెల్లో హైస్కూలు ఆడపిల్లలకు స్టైపెండ్ ఇచ్చి మూడు షరతులు పెట్టింది: 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి కాకుండా ఉండటం. మూడో షరతు నాకు నచ్చదు. పెద్దలు చేసిన పెళ్లికి పిల్ల చదువునూ పోగొట్టుకోవడమెందుకు? హాజరు షరతు ఒక్కటి చాలు.

కల్యాణలక్ష్మిని ఎత్తేయమనడం లేదు. పద్దెనిమిది నిండితేనే సాయమన్న నిబంధన కొన్ని పెళ్లిళ్లను ఆపే ఉంటుంది. కానీ డబ్బు కోసం పద్దెనిమిది దాకా ఆగమని చెప్పే ప్రభుత్వం, ఆగిన ఆ నాలుగేళ్లు ఇల్లు గడవడానికి ఏమిస్తోంది? జడ్పీ హైస్కూళ్లలో, ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇంటి నుంచి వచ్చి చదివే పేద ఆడపిల్లలందరికీ, పరీక్షతో పని లేకుండా, కనీసం హాస్టల్ పిల్ల మెస్ చార్జీ అంత మొత్తం నెలనెలా వారి ఖాతాలోనే పడాలి.

ఉన్న స్కాలర్‌షిప్‌నూ కాపాడుకోవాలి. ఎన్‌ఎంఎంఎస్‌ను ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. పది పాసైన పిల్ల కాలేజీ మారినప్పుడు ఆ దరఖాస్తు ఎవరి బాధ్యతో తేలక మూలన పడే ప్రమాదం ఉంది. ప్రైవేటు కాలేజీలో చేరితే అసలు అర్హతే పోతుంది. ఈ రెండు మాటలూ టీసీ ఇచ్చే రోజున హెడ్మాస్టరే తల్లికి చెప్పాలి. ఆ పిల్లల జాబితాను జిల్లా విద్యాశాఖ జూన్‌లోనే జూనియర్ కాలేజీలకు పంపాలి. దీనికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.