అద్దాల మేడలు – విద్యుత్తు వెచ్చము

హైదరాబాదు నగరమునకు పడమట, గోలకొండకు కొలది దూరమున నున్న నానక్‌రామ్‌గూడ ఒకప్పుడు బండరాళ్ల నడుమ నొదిగిన పల్లె. 1998లో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిదప సాగిన నిర్మాణవేగము ఈ పల్లెను కూడ తనలో కలిపికొన్నది. నేడచట ఆకసమునంటు అద్దాల మేడలు బారులు తీరి యున్నవి. ఇట్టి కార్యాలయములలో ఖర్చగు విద్యుత్తులో పెద్ద పాలు గదులను చల్లబరచుటకే పోవుచున్నది.

ఆ మేడల సొగసును మెచ్చనివా రరుదు. కాని అద్దము వెలుతురుతో బాటు ఎండవేడిని లోనికి రానిచ్చును. లోన వేడెక్కిన వస్తువులనుండి వెలువడు ఉష్ణమును మాత్రము సులభముగా వెలుపలికి పోనీయదు. చలిదేశముల వారి కిది వరము. వేసవిలో 40 డిగ్రీలు దాటు హైదరాబాదులోనో, సూర్యుని లోనికి పిలిచి, పిదప యంత్రములతో వెళ్లగొట్టవలసి వచ్చును. ఇంకొక వింత: ఎండ కన్నులలో కొట్టుచున్నదని ఉద్యోగులు తెరలు దించుదురు, చీకటియైనదని పట్టపగలు దీపములు వెలిగింతురు! తెలంగాణములో విద్యుత్తు అధికభాగము బొగ్గునుండియే వచ్చుచున్నది. ఒక యూనిట్టునకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలును.

మార్గాంతరమునకై విదేశముల కేగ నక్కరలేదు. నగరమునకు తూర్పున, పోచారములోని ఇన్ఫోసిస్ ప్రాంగణమున 2011లో ఒక భవనమును సరిసమానమైన రెండు భాగములుగా నిర్మించిరి. కిటికీలకు నీడ, గోడలకు ఉష్ణనిరోధకము రెండింటికిని ఒక్కటే. ఒక భాగమును వాడుకలోనున్న పద్ధతిలో, మేలైన యంత్రములతోనే, చల్లని గాలి పంపి చల్లబరచిరి. రెండవదానిలో కాంక్రీటు కప్పునందే గొట్టములు పొదిగి చల్లని నీరు ప్రవహింపజేసిరి. గాలిని శ్వాసకు వలసినంత మేరకే పంపిరి. రెండేండ్ల లెక్కలు చూడగా నీటితో చల్లబడిన భాగము శీతలీకరణమునకు 34 శాతము తక్కువ విద్యుత్తును వాడినది. సమానమైన ఘనపరిమాణములో నీరు గాలికంటె 3,000 రెట్లకు పైగా వేడిని మోయగలదు. కావున పెద్ద పంకాలు చేయు పనిని చిన్న పంపులే చేసినవి. నిర్మాణవ్యయము సైతము రెండింటికిని ఇంచుమించు సమానమే.

ఇంతకంటె సులభమైనది కప్పునకు తెల్లని పూత. హైదరాబాదు ప్రాంతపు వాణిజ్య భవనములపై జరిపి 2012లో ప్రకటించిన పరిశోధనలో, నల్లని కప్పును తెల్లగా మార్చినపుడు శీతలీకరణ విద్యుత్తు 14 నుండి 26 శాతము వరకు తగ్గినది. అయితే నానక్‌రామ్‌గూడ మేడలకు కప్పు తక్కువ, గోడ ఎక్కువ. ఈ ఉపాయము ఒకటి రెండంతస్తుల పాఠశాలలకే ఎక్కువ అక్కరకు వచ్చును.

ఇన్ని తెలిసియు అద్దాల మేడలే లేచుచున్న వేల? అద్దమును ఎంచుకొనువాడు మేడ కట్టువాడు. కరెంటు బిల్లు చెల్లించువాడు అద్దెకు దిగినవాడు. మొదటివానికి పొదుపుతో లాభము లేదు, రెండవవానికి గోడ మార్చు హక్కు లేదు. సమస్యలోని ముడి ఇదియే. ఇంజనీర్ల నేర్పుతో విడునది కాదు.

శాసనములు లేకపోలేదు. 2001లో ఇంధన పరిరక్షణ చట్టము వచ్చినది. 2007లో దాని ననుసరించి వాణిజ్య భవనములకు నిబంధనావళి వెలువడినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దానిని 2014లో స్వీకరించినది. తెలంగాణమును తరువాత తన నియమములను రూపొందించుకొన్నది. ఇవి ప్రధానముగా నమూనాపటమును పరీక్షించును. మేడ నిండిన పిదప చదరపు మీటరునకు ఏటేట ఎన్ని యూనిట్లు ఖర్చగుచున్నవో కొలిచి నక్షత్రములిచ్చు పద్ధతి 2009లో ఆరంభమైనది గాని, అది యజమానుల ఇచ్ఛకు విడిచినది. అద్దెకు బేరమాడువారు నెలసరి అద్దెను, కారులు నిలుపు చోటును అడుగుదురు. ఈ అంకెను అడుగువారు కొలదిమంది. దానిని అద్దెపత్రమున తప్పక వ్రాయవలెనని ఆజ్ఞ పుట్టినచో, బేరమాడునపుడే యూనిట్ల మాట వచ్చును. గోడ ఎంత, అద్దమెంత అను లెక్క మేడ కట్టువానికి కూడ పట్టును.